ముల్లు కిందికి దిగినా భయపడాల్సిన రోజు: డీజిల్ లారీ ఇంజన్‌ని మీటర్లతో కనిపెట్టుకోవడం

నా మొదటి ఇంజన్ పోయిన రోజు టెంపరేచర్ ముల్లు పైకి లేవలేదు, కిందికి దిగింది. ఎప్పుడూ 86 డిగ్రీల దగ్గర నిలబడే ముల్లు 70కి వచ్చింది, తర్వాత ఇంకా దిగింది. అప్పుడే కొండ ఎక్కడం అయిపోయి చదును రోడ్డు మీదికి వచ్చాను కాబట్టి ఇంజన్ చల్లబడుతోందనుకున్నాను. నాలుగైదు నిమిషాల్లో బండి బరువెక్కినట్టు లాగింది, యాక్సిలరేటర్ తొక్కినా ఎత్తుకోలేదు. ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ కింది హోస్ చీలి ఉంది, లోపల ఒక్క చుక్క నీళ్లు లేవు.

టెంపరేచర్ సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే నీళ్ల వేడి చెప్పగలదు. నీళ్లన్నీ పోయాక దాని చుట్టూ మిగిలింది కాస్త ఆవిరి, గాలి. ఇనుము కాలిపోతున్నా ఆ గాలి ఆ వేడిని సెన్సర్‌కి సరిగా అందించదు. హెడ్ విప్పితే అది వంగిపోయి ఉంది, రెండు పిస్టన్లు లైనర్లని గీరేశాయి. ఆ సమయంలో పక్కనే ఉన్న ఆయిల్ ప్రెషర్ ముల్లు నెమ్మదిగా పడుతూనే ఉంది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే అలాగే పడుతుంది. ఒక మీటరు నీళ్లు చల్లగా ఉన్నాయంటోంది, ఇంకో మీటరు ఆయిల్ కాగిపోతోందంటోంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆ తేడా అప్పుడు నాకు తట్టి ఉంటే ఇంజన్ దక్కేది.

అప్పటి నుంచి నేను మీటర్లని చదివే పద్ధతి మారింది. ఎర్ర గీత దాటిందా లేదా అని చూడను. మొదట, ఈ ఇంజన్‌కి మంచి రోజున ముల్లు ఎక్కడ ఉంటుందో తెలుసుకుంటాను. ఏదైనా ముల్లు అక్కడి నుంచి కదిలితే, వెంటనే ఇంకో మీటరు ఏమంటోందో చూస్తాను.

మంచి రోజు అంకెలు రాసుకోండి

ఆయిల్, ఫిల్టర్లు కొత్తగా మార్చిన వారంలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, అంటే కనీసం అరగంట లోడు లాగిన తర్వాత, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ ఎంత, 1500 ఆర్పీఎంలో ఎంత అనేది రాయండి. మీరు తరచూ వెళ్లే దారిలో ఒక ఎత్తు ఎంచుకోండి. ఎంత లోడుతో, ఏ గేరులో, ఎన్ని ఆర్పీఎంలో ఎక్కారో, అప్పుడు బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్), ఎగ్జాస్ట్ వేడి, నీళ్ల వేడి ఎంత ఉన్నాయో రాయండి. బయట ఎండగా ఉందా చల్లగా ఉందా అన్నది కూడా ఒక మాట రాయండి, ఎందుకంటే వేడి గాలి పల్చగా ఉంటుంది, అదే ఎత్తులో ఎగ్జాస్ట్ వేడి కాస్త ఎక్కువే చూపిస్తుంది.

నా ఇప్పటి బండి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది, 24 వోల్టులది. దాని పేజీలో ఇలా ఉంది: వేడి మీద స్లోలో ఆయిల్ 1.4 బార్, 1500లో 3.8 బార్. నీళ్లు 84 నుంచి 88. పూర్తి లోడుతో నా ఎత్తు మీద బూస్ట్ 1.5 బార్, టర్బోకి ముందు ఎగ్జాస్ట్ 560 డిగ్రీలు. ఛార్జింగ్ 27.8 వోల్టులు. ఇవి నా బండి అంకెలు, మీ బండివి వేరుగా ఉంటాయి. మీ మీటరు పీఎస్ఐలో ఉంటే, ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ అని లెక్క వేసుకోండి.

ఒక జాగ్రత్త. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డుతో వచ్చే టెంపరేచర్ మీటరు, కొన్నిటిలో ఆయిల్ మీటరు కూడా, నిజం చెప్పవు. డ్రైవర్ కంగారు పడకూడదని, కొంత మేర వేడి పెరిగినా తగ్గినా ముల్లు మధ్యలోనే నిలబడేలా చేసి ఇస్తారు. అంకెలు లేకుండా C, H అని రెండక్షరాలే ఉంటే దాని పక్కన అంకెలున్న మీటరు ఒకటి బిగించుకోవడం మంచిది. కంప్యూటర్ ఉన్న ఇంజన్ అయితే డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టే చిన్న డిస్‌ప్లే చాలు, సెన్సర్ల అసలు అంకెలు దాంట్లో కనిపిస్తాయి.

ఆయిల్ ప్రెషర్

ఆయిల్ పంపు పంపేది ఆయిల్‌ని. ప్రెషర్ పుట్టేది బేరింగుల సందుల్లోంచి ఆ ఆయిల్ ఇరుకుగా బయటపడాల్సి రావడం వల్ల. బేరింగు అరిగి సందు పెరిగినా, ఆయిల్ పల్చబడినా, అది సులువుగా జారిపోతుంది, ప్రెషర్ తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ముల్లుని ఎప్పుడు చూడాలో కూడా తెలిసిపోతుంది. స్పీడులో పంపు కావలసినదానికంటే ఎక్కువ ఆయిల్ తోడుతుంది, మిగిలింది రిలీఫ్ వాల్వ్ వెనక్కి వదిలేస్తుంది. కాబట్టి అరుగుదల అక్కడ కనబడదు. పంపు నెమ్మదిగా తిరిగే చోట, ఇంజన్ వేడిగా ఉండి స్లోలో ఉన్నప్పుడు, అది మొదట బయటపడుతుంది. రోడ్డు మీద 3.8 ఉంది కదా అని ధైర్యపడి, స్లోలో ఎంత ఉందో చూడని డ్రైవర్లు నాకు చాలామంది తెలుసు.

పెద్ద డీజిల్ ఇంజన్లలో వేడి మీద స్లోలో సుమారు 1 బార్, పని చేసే స్పీడులో 3 నుంచి 4 బార్ ఉండడం మామూలు. పాత మేస్త్రీలు ప్రతి వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ ఉండాలని చెబుతారు. అది కింది హద్దు అనుకోండి. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెదే చివరి మాట.

ఈ బండిలోనే నాలుగు నెలల్లో స్లో ప్రెషర్ 1.4 నుంచి 1.3కి, తర్వాత 1.2కి, ఆపైన 1.0కి వచ్చింది. స్పీడులో మాత్రం 3.8 అలాగే ఉంది. నోట్‌బుక్ లేకపోతే ఈ జారుడు నాకు తెలిసేదే కాదు, ఎందుకంటే 1.0 కూడా హద్దులోదే. డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ తగ్గలేదు, పై గీత దాటి ఒక వేలెడు పెరిగింది! ఆయిల్ తనంతట తాను పెరగదు. ఒకటి నీళ్లు కలవాలి, లేదా డీజిల్ కలవాలి. నీళ్లైతే తెల్లగా చిలికినట్టు అవుతుంది. ఇది నల్లగా, పల్చగా, డీజిల్ వాసన వేస్తోంది. వాల్వ్ కవర్ కింద ఒక నాజిల్ రిటర్న్ పైపు కారుతోంది. అది సరిచేసి, ఆయిల్ మార్చి, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి, క్రాంక్‌ని పట్టి ఉంచే షెల్ బేరింగులు చూస్తే పైపూత అరగడం అప్పుడే మొదలైంది. క్రాంక్ మీద గీత పడలేదు. షెల్స్ మార్చి బిగించాక మళ్లీ 1.4 వచ్చింది.

మలుపులోనో బ్రేక్ వేసినప్పుడో ముల్లు ఒక్కసారి పడి లేస్తే చాంబర్‌లో ఆయిల్ తక్కువ ఉందని, పంపు గాలి పీలుస్తోందని అర్థం. పొద్దున స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లలో ముల్లు లేవాలి. లేవకపోతే ఆపేయండి, రేజ్ చేసి లేపాలని చూడొద్దు. చల్లటి ఇంజన్‌లో ప్రెషర్ బాగా ఎక్కువ చూపించడం సహజం, ఆయిల్ చిక్కగా ఉంటుంది. కానీ వేడెక్కిన తర్వాత కూడా అలాగే ఉంటే గ్రేడ్ తప్పు ఆయిల్ పోసి ఉండాలి, లేదా రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుని ఉండాలి.

నీళ్ల వేడి

చాలా లారీ ఇంజన్లలో థర్మోస్టాట్ (రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వ్) 80 దాటాక తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఫ్యాన్ క్లచ్ 90ల్లో పట్టుకుని ఫ్యాన్‌ని తిప్పుతుంది. 82 నుంచి 95 మధ్య ముల్లు తిరుగుతుంటే ఫరవాలేదు. 100 దాటితే లోడు తగ్గించాలి, 105 దగ్గర బండి పక్కకి తీయాలి.

అయితే ఎంతకి పెరిగింది అన్నదానికంటే ఎప్పుడు పెరుగుతోంది అన్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది. నిలబడి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో పెరిగి, రోడ్డు మీద స్పీడు అందుకోగానే తగ్గితే ఫ్యాన్ వైపు చూడండి. ఎత్తు మీద పెరిగి చదునులో తగ్గితే రేడియేటర్ వేడిని వదల్లేకపోతోంది, మొదట బయట రెక్కల్లో దుమ్ము, పురుగులు ఇరుక్కున్నాయేమో చూడండి. చదును రోడ్డు మీద ఒకే స్పీడులో కూడా పెరుగుతూనే ఉంటే నీళ్లు తిరగడం లేదని: లోపల పొలుసు కట్టి ఉండొచ్చు, కింది హోస్ పీల్చుకుపోయి మూసుకుంటూ ఉండొచ్చు, పంపు రెక్కలు తినేసి ఉండొచ్చు. ముల్లు ఊగుతూ పది డిగ్రీలు పైకీ కిందికీ పోతుంటే లోపల గాలి ఉంది, లేదా నీళ్లు తగ్గాయి, లేదా థర్మోస్టాట్ పట్టి వదులుతోంది.

రేడియేటర్ మూతని కూడా తేలిగ్గా తీసుకోకండి. సుమారు ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచే మూత ఉంటే లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు వదులైపోతే 100 దగ్గరే మరుగుతాయి. మీటరు 98 చూపిస్తుండగానే నీళ్లు బయటికి పొంగుతుంటే ముందు మార్చాల్సింది మూతే.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం నేను ఎన్నో బండ్లలో చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. ఎప్పుడూ 60, 65 దగ్గర నడిచే ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా కాలదు, లైనర్ల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ బురద కడుతుంది. ముల్లు కింద ఉంటే సంతోషంగా అనిపిస్తుంది గానీ లోపల అరుగుదల పెరుగుతూ ఉంటుంది.

హోస్ చీలిన ఆ రోజు తర్వాత నేను ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో నీళ్ల మట్టం సెన్సర్ ఒకటి పెట్టించుకున్నాను. నీళ్లు తగ్గితే బజర్ మోగుతుంది. టెంపరేచర్ మీటరు చెప్పలేని సంగతి అదొక్కటే చెప్పగలదు.

బూస్ట్, పైరోమీటర్: ఈ రెండూ జంట

పెట్రోల్ ఇంజన్‌లో పెట్రోల్ తగ్గితే మంట వేడెక్కుతుంది. డీజిల్‌లో దీనికి తిరగబడి ఉంటుంది. గాలికి మించి డీజిల్ పోస్తే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఎంత గాలి వెళ్తోందో బూస్ట్ మీటరు చెబుతుంది, దాంతో మంట ఎలా మండిందో ఎగ్జాస్ట్ వేడి కొలిచే పైరోమీటర్ చెబుతుంది. ఒకటి లేకుండా రెండోది సగం మాటే.

పైరోమీటర్ ముల్లు చదివే ముందు దాని పుల్ల (వేడిని పసిగట్టే సెన్సర్) ఎక్కడ దిగి ఉందో తెలుసుకోండి. టర్బోకి ముందు మానిఫోల్డ్‌లో ఉంటే సిలిండర్లకి దగ్గరి వేడి తెలుస్తుంది. టర్బో తర్వాత పైపులో ఉంటే, లోడులో వంద డిగ్రీలో అంతకంటే ఎక్కువో తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే టర్బో తిరగడానికి ఆ వేడిలో కొంత ఖర్చైపోతుంది. నా హద్దు టర్బోకి ముందు, పొడవాటి ఎత్తు మీద, 650. అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది. వాయువు అంత వేడెక్కినంత మాత్రాన పిస్టన్ అంత వేడెక్కదు, కింద నుంచి ఆయిల్, పక్క నుంచి నీళ్లు దాన్ని చల్లబరుస్తూ ఉంటాయి. కానీ 700 మీద నిమిషాల తరబడి లాగితే పిస్టన్ తల, టర్బో చక్రం రెండూ దెబ్బ తింటాయి.

ఇప్పుడు జంటగా చదవండి. బూస్ట్ తగ్గి, ఎగ్జాస్ట్ వేడి పెరిగితే గాలి ఎక్కడో పోతోంది లేదా రావడం లేదు. ఒకసారి నా ఎత్తు మీద, అదే లోడు, అదే గేరు, బూస్ట్ 1.5 నుంచి 1.2కి పడింది, ఎగ్జాస్ట్ 560 నుంచి 625కి పెరిగింది. పొగ కాస్త నలుపెక్కింది, అంతే. బండి బాగానే లాగుతోంది కాబట్టి మీటర్లు లేకపోతే నేను నెలల తరబడి అలాగే తిప్పేవాణ్ణి. మేస్త్రీ హోసులన్నీ చేత్తో తడిమి చూస్తే ఏమీ దొరకలేదు. తర్వాత టర్బో నోటి దగ్గర మూత బిగించి, కంప్రెసర్‌తో కొద్దిపాటి గాలి పెట్టి, సబ్బు నీళ్లు రాస్తే ఇంటర్‌కూలర్ కింది హోస్ మడత లోపల బుడగలు వచ్చాయి. ఆ చీలిక ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది, ఆగి ఉన్న బండిలో మూసుకుని ఉంటుంది. హోస్ మార్చాను, 1.5, 560 తిరిగి వచ్చాయి.

రెండూ తగ్గితే డీజిల్ అందడం లేదు. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుందా, ఫీడ్ పంపు బలహీనపడిందా, యాక్సిలరేటర్ చివరిదాకా వెళ్తోందా చూడండి. రెండూ పెరిగితే లోడు ఎక్కువైంది, లేదా ఎవరో పంపు స్క్రూ తిప్పారు, ప్రోగ్రామ్ మార్చారు. ఇవన్నీ వెతికే ముందు గేరు చూసుకోండి. పెద్ద గేరులో 1100 ఆర్పీఎం దగ్గర గుంజుకుంటూ ఎక్కితే టర్బో తిరగదు, డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది. ఒక గేరు దించి 1600కి తెస్తే కొన్ని సెకన్లలోనే ముల్లు దిగడం మీ కళ్లతో చూస్తారు. పైరోమీటర్ పెట్టించుకున్నాక నేను గేరు మార్చే పద్ధతే మారిపోయింది.

పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న కొత్త బండ్లలో ఒక టెన్షన్ అక్కర్లేదు: ఆ ఫిల్టర్ తనలోని మసి తాను కాల్చుకునేటప్పుడు వెనక వైపు ఎగ్జాస్ట్ 550, 600 డిగ్రీలకి పోవడం సహజమే. ఆ సమయంలో ఎండు గడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు.

మిగతావి క్లుప్తంగా

24 వోల్టుల బండి నడుస్తున్నప్పుడు 27.5 నుంచి 28.5 దాకా, 12 వోల్టులదైతే 13.8 నుంచి 14.4 దాకా చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు ఎంత కిందికి పడుతుందో గమనించండి, బ్యాటరీ ముసలిదయ్యే కొద్దీ ఆ పడడం ఎక్కువవుతుంది. ఎయిర్ ఫిల్టర్‌కి టర్బోకి మధ్య ఉండి, ఫిల్టర్ ఎంత మూసుకుందో చూపే రిస్ట్రిక్షన్ మీటరు ఎరుపు చూపించేదాకా ఫిల్టర్ తీయకండి. ఊరికే తీసి నేలకేసి కొడితే కాగితం చిట్లి దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది. ఫ్యూయల్ ప్రెషర్ మీటరు ఉంటే ఫిల్టర్ తర్వాత పెట్టించండి, ఎందుకంటే మనకి తెలియాల్సింది పంపుకి చేరేదెంత అన్నదే.

మీటరు అబద్ధం చెబుతోందా?

ఇది తేల్చుకోకుండా ఇంజన్ విప్పొద్దు. హెడ్‌లైట్లు వేయగానే మీటర్లన్నీ కలిసి కదిలితే రోగం ఇంజన్‌లో లేదు, ఎర్త్ వైరులో ఉంది. చాలా సెన్సర్లకి ఎర్త్ వాటి మరల ద్వారానే అందుతుంది. లీకు రాకూడదని టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ తెగి అంకె తప్పుతుంది.

ఆయిల్ ప్రెషర్ మీద అనుమానం వస్తే సెన్సర్ తీసిన చోట మెకానికల్ మీటరు ఒకటి బిగించి చూడండి. లోపల వంకర గొట్టం ప్రెషర్‌కి విచ్చుకుని ముల్లుని తిప్పే ఈ రకాన్ని యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంట్ చేశాడు. ఇప్పటికీ మేస్త్రీలు నమ్మేది దాన్నే, దానికి కరెంటుతో పని లేదు. టెంపరేచర్ సెన్సర్‌ని విప్పి, దాని ఒంటికి ఒక ఎర్త్ వైరు కలిపి, మరిగే నీళ్లలో ముంచితే 100 దగ్గర చూపించాలి. ఎత్తైన కొండ ప్రాంతంలో నీళ్లు ఇంకా ముందే మరుగుతాయి, అది లెక్కలోకి తీసుకోండి. పైరోమీటర్ వైరు పొట్టిదైతే మామూలు రాగి వైరుతో పొడిగించొద్దు. ఆ పుల్ల రెండు వేరు వేరు లోహాల అతుకు, దాని వైరు కూడా అదే రకం లోహాలదై ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది. కొత్తగా బిగించేటప్పుడు మానిఫోల్డ్‌కి రంధ్రం వేయాలి కాబట్టి, వీలైతే టర్బో దించి వేయించండి. ఒక్క ఇనుప రజను టర్బో చక్రానికి తగిలినా అది పాడైపోతుంది.

దారిలో ముల్లు కదిలితే

ఆయిల్ ప్రెషర్ సున్నాకి పడితే ఆలోచన లేదు, సురక్షితంగా పక్కకి తీసి వెంటనే తాళం తిప్పేయండి. సెన్సర్ తప్పా ఇంజన్ తప్పా అన్నది ఆగాక చూద్దాం. నీళ్ల వేడి పెరిగితే మాత్రం, నీళ్లు ఉన్నంతవరకు, టప్పున ఆపకండి. గేరు దించి లోడు తగ్గించండి, క్యాబిన్ హీటర్ పూర్తిగా పెట్టండి, బండి ఆపి ఇంజన్‌ని 1000, 1200 దగ్గర తిరగనివ్వండి. పంపు, ఫ్యాన్ తిరుగుతుంటేనే హెడ్‌లో చిక్కుకున్న వేడి బయటికి వస్తుంది. నీళ్లు పోయాయని తెలిస్తే అప్పుడు ఆపేయండి. మూత మీద మాత్రం చేయి వేయొద్దు, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా.

ఎత్తు ఎక్కి ఆగిన ప్రతిసారీ నేను తాళం మీద చేయి పెట్టి పైరోమీటర్ చూస్తాను. ముల్లు 150కి దిగేదాకా స్లోలో ఉంచుతాను, రెండు మూడు నిమిషాలు పడుతుంది. వేడిగా ఉండగానే ఆపితే టర్బో బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఆ రెండు మూడు నిమిషాల్లోనే స్లోలో ఆయిల్ ప్రెషర్ ఎంతో చూసి, నోట్‌బుక్‌లో తేదీ పక్కన రాసి, అప్పుడు ఆపుతాను.